అద్దం తీగకు పీటముడి

మా ఇంట్లో ఇంటర్నెట్టు పెట్టించింది నోట మాట లేని మనిషి కోసం. ఈ సంగతి తెలిసినప్పుడు వీధిలో అందరూ నవ్వారు. మాట్లాడలేని దానికి ఫోనెందుకు, ఆ ఫోనుకి మళ్లీ ఇంట్లోకి ప్రత్యేకంగా లైనెందుకు అని. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ కాబట్టి మేం ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆ మనిషి మా తోడికోడలు. మా మరిది భార్య. పుట్టుకతోనే చెవుడు, దాంతో మాట రాలేదు. వీధిలో మూగమ్మ అంటారు, మా పిల్లలు చేతుల పిన్ని అంటారు, నేను చెల్లి అంటాను. మేం ఏమని పిలిచినా ఆమెకు వినబడదు. మాకు మాత్రం ఆమె పెట్టిన పేర్లు ఉన్నాయి, అన్నీ సైగ పేర్లు. నా పేరు, వెనకచేత్తో నుదురు తుడుచుకోవడం. పొయ్యి దగ్గర నిలబడి నేను ఎప్పుడు చూసినా అదే పని చేస్తుంటానట. అత్తయ్య పేరు, చూపుడు వేలు ఎత్తి ఆడించడం. అది ఎందుకో చెప్పక్కర్లేదు. మా మరిది పేరు, రెండు పిడికిళ్లు దగ్గరికి తెచ్చి చెరో పక్కకీ లాగి బిగించడం. అంటే ముడి.

ఆ పేరు ఊరంతా పెట్టిందే. మరిది గడ్డి ట్రాక్టర్లకీ లారీలకీ లోడు కడతాడు. ఎంత ఎత్తు లోడైనా నాలుగు వైపులా తాడు తిప్పి, కాలు తన్నిపెట్టి లాగి ఒక ముడి వేశాడంటే అది దించే చోటికి వెళ్లేదాకా కదలదు. అందుకే అతన్ని పీటముడి అంటారు. ఆ పిలుపుకి పలుకుతాడు కూడా. మనిషి మంచివాడు. ఆలోచన తక్కువ, పని ఎక్కువ. ఏదన్నా పాడైతే ఎందుకు పాడైందని చూడడు, ముందు దాన్ని కట్టేస్తాడు. మా ఇంట్లో కుర్చీ కాళ్లూ, బాల్చీ చెవులూ, దొడ్డి తలుపూ అన్నీ అతని ముళ్ల మీదే బతుకుతున్నాయి.

చెల్లి మిషను కుడుతుంది. వెనక గదిలో కిటికీ పక్కన. బడిపిల్లల చొక్కాలు, కిటికీ పరదాలు, దిండు గలీబులు. మిషను చప్పుడు వినకపోయినా, దారం తెగితే కాళ్లకి తెలిసిపోతుంది ఆమెకి. టక్కున ఆపేస్తుంది. చెవులున్న నేను కుట్టినప్పుడు దారం తెగాక కూడా బారెడు గుడ్డ ఉత్తినే నడిపేసేదాన్ని.

చిన్నప్పుడు ఆమెను ఎక్కడో దూరంగా, చెవిటి పిల్లలుండే బడిలో వేశారు. అక్కడే ఉండి చదువుకోవడం. చదువు ఏమొచ్చిందో గానీ చేతులతో మాట్లాడటం అక్కడే వచ్చింది. పక్క మంచం పిల్ల ఒకతి ఆమెకు ప్రాణమైంది. ఆ పిల్ల సైగ పేరు, బుగ్గ మీద వేలు పెట్టి నొక్కడం. సొట్టబుగ్గ అన్నమాట. మేమూ అలాగే అనడం అలవాటైంది. రాత్రిళ్లు అక్కడ దీపాలు ఆర్పేస్తే చేతులు కనబడవు కదా. అప్పుడు ఒకరి అరచేతుల్లో ఒకరు చేతులు పెట్టి, వేళ్లు తడుముకుంటూ కబుర్లు చెప్పుకునేవాళ్లట. కావలి మనిషి వచ్చి చూస్తే ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకుని నిద్రపోతున్నట్టే ఉండేదట. ఈ మాట చెప్పేటప్పుడు చెల్లి మొహం చూడాలి. దొంగతనం చేసి దొరకని దానిలా ఉంటుంది.

పెళ్లిళ్లయ్యాక ఇద్దరూ చెరో కొసకి పోయారు. సొట్టబుగ్గ ఉండే ఊరు చేరాలంటే ఒక పగలూ ఒక రాత్రీ రైల్లో కూర్చుని, ఆపైన బస్సెక్కాలి. అక్కడ అట్టపెట్టెల కార్ఖానాలో పని ఆమెకి.

చెల్లితో మాట్లాడటానికి మేమంతా ఉన్నాం కదా అనుకుంటారు ఎవరైనా. మాకు వచ్చిన సైగలు పని సైగలు. తిన్నావా, నీళ్లు వచ్చాయి, కరెంటు పోయింది, ఇది కుట్టు, అది ఆరెయ్యి. ఇంతే. నిన్న ఒక కల వచ్చింది, అందులో మా బడి వంటామె నా మిషను మీద కూర్చుని రొట్టెలు కుడుతోంది అని చెప్పాలంటే మా సైగల్లో పట్టదు. కల అంటే ఏం చెయ్యాలో కూడా మాకు తెలీదు. అలాంటి మాట చెప్పుకోవడానికి లోకంలో ఆమెకున్నది ఒక్క సొట్టబుగ్గే. రాసుకోవచ్చు కదా అన్నాడు మా ఆయన ఒకసారి. రాస్తారు. బాగున్నావా, బాగున్నాను, పని ఉంది, పని లేదు. ఆ రాత వాళ్లకి అంగడిలో సామాను అడగడానికి సరిపోయేటంత. మనసులో మాటకి చేతులే కావాలి.

చేతులు కనబడాలంటే వీడియో రావాలి. మా ఊళ్లో ఫోనుకి సిగ్నలు ఒక గీత ఉంటే గొప్ప, గాలి వేస్తే అదీ ఉండదు. అందుకని లైను పెట్టించాం. స్తంభాల మీద నుంచి సన్నటి నల్ల వైరు వచ్చి, ముందు గదిలో గూట్లో ఉన్న డబ్బాలో దూరింది. దాన్ని రూటరంటారని పిల్లలు చెప్పారు. పచ్చ దీపాలు మూడు వెలిగితే అన్నీ బాగున్నట్టు, ఎర్రది వెలిగితే ఇక ఫోను పక్కన పెట్టినట్టు.

దాని సంసారం చెప్పాలంటే పెద్ద కథ. దుమ్ము పడుతుందని అత్తయ్య దాని మీద దుప్పటి ముక్క కప్పేది. అది వేడెక్కి మూర్ఛపోయేది. ఉరిమితే కాలిపోతుందని పీకేసేది. ఉరుములు పోయాక మళ్లీ పెట్టడం మర్చిపోయేది. ఉడతలు వైరు కొరికేవి. ఎత్తు లోడుతో గడ్డి ట్రాక్టరు వెళ్తూ వెళ్తూ దాన్ని తెంపుకుని పోయేది. ఒకసారి అలా తెంపిన లోడు కట్టింది మా మరిదేనని తెలిసింది. ఆ పూట చెల్లి అతనికి అన్నం పెట్టింది గానీ కూర వెయ్యలేదు.

తెగినప్పుడల్లా లైను అబ్బాయికి ఫోను చెయ్యాలి. మోటారు సైకిలు మీద చుట్టుపక్కల ఊళ్లన్నీ ఒక్కడే చూసుకుంటాడు. ఎప్పుడు చేసినా ఒకటే మాట, "వస్తున్నానక్కా, దారిలో ఉన్నా." ఆ దారి ఎంత పొడుగుదో ఆ దేవుడికే తెలియాలి. చెల్లి అతనికి కూడా ఒక పేరు పెట్టింది. ఎడమ అరచేతి మీద కుడిచేతి రెండు వేళ్లు నడిపిస్తుంది. వేళ్లు అరచేతి చివరి దాకా వస్తాయి, దిగబోయి, మళ్లీ మణికట్టు దగ్గరికి పోయి నడవడం మొదలుపెడతాయి. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఆ పేరు మొదటిసారి చూసిన రోజు అత్తయ్య కూడా నోట్లో నీళ్లు బయటికి వచ్చేలా నవ్వింది.

లైను ఉన్న సాయంత్రాలు మాత్రం చూడముచ్చటగా ఉండేవి. పని దిగాక సొట్టబుగ్గ ఫోను చేసేది. చెల్లి ముందు గదిలో గూటి ఎదురుగా కూర్చునేది. బొమ్మ మధ్యలో ఆగిపోయేది, చెయ్యి గాల్లో అలాగే నిలబడిపోయి, తెర మీద చిన్న గుండ్రం తిరుగుతూ ఉండేది. మనకైతే బొమ్మ పోయినా గొంతు వస్తుంది, సర్దుకుంటాం. వాళ్లకి బొమ్మ పోతే అన్నీ పోయినట్టే. అందుకని ఇద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. లైను మొరాయించినప్పుడు చేతులు నెమ్మది చేసేవాళ్లు. మందమతికి చెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి, రెండేసి సార్లు. అంత నెమ్మదిగా చెప్పాల్సి వచ్చినప్పుడు చెల్లికి చిరాకు ముంచుకొచ్చేది. అయినా చెప్పేది.

ఒకరోజు ఫోను అయ్యాక నా దగ్గరికి వచ్చింది. నేను పప్పులో రాళ్లు ఏరుకుంటున్నాను. బుగ్గ మీద వేలు నొక్కింది. తర్వాత పిడికిలిని గొట్టంలా చేసి కంటికి పెట్టుకుంది. ఆ గొట్టంలోంచి నన్ను చూసింది. చూస్తూ చూస్తూ ఆ పిడికిలి మెల్లగా బిగించి మూసేసింది.

నాకు అర్థమైంది గానీ, అర్థమైందని ఒప్పుకోవడానికి కాస్త టైము పట్టింది. మిగతాది కాగితం మీద నాలుగు ముక్కలు రాసి, బొమ్మలు గీసి చెప్పింది. సొట్టబుగ్గకి ముందు నుంచీ చీకటి పడితే సరిగా కనబడదు. ఇప్పుడు పగలు కూడా పక్కలన్నీ నల్లబడి, గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కొంచెమే కనబడుతోందట. ఆ కొంచెం కూడా పోతుంది, మందు లేదు, ఎప్పుడు పోతుందో చెప్పలేం అన్నారట కళ్ల డాక్టర్లు. చెవిటి వాళ్లలో కొందరికి అలా వస్తుందట. ఇచ్చేటప్పుడు ఒకటి తగ్గించి, తర్వాత రెండోదీ లాక్కోవడం ఏం న్యాయమో నాకు తెలీదు.

ఆ రోజు నుంచి చెల్లికి ఒకటే ధ్యాస. ఆ కళ్లు ఉన్నన్నాళ్లూ మాట్లాడుకోవాలి. రోజూ మాట్లాడుకోవాలి. అవతలి వాళ్లకి కనబడాలంటే చేతులు మొహం దగ్గరే పెట్టి ఆడించాలి, వెనక నల్లగా ఉండాలి, ముందు నుంచి బాగా వెలుగు పడాలి. అక్కడొచ్చింది చిక్కు. మా ముందు గదికి కిటికీ లేదు. సాయంత్రం అయ్యేసరికి గుహలా ఉంటుంది. బల్బు వేస్తే మొహం మీద నీడ. ఎండ పడేది వెనక గదిలో, మిషను దగ్గర. అక్కడికి వైఫై రాదు. మాది పాతకాలం రాతి గోడ, మూరెడు మందం. వెలుగున్న చోట లైను లేదు, లైనున్న చోట వెలుగు లేదు.

డబ్బాని వెనక గదిలోకి మార్చాలి, అంతే. లైను అబ్బాయికి నేనే ఫోను చేశాను. సంగతంతా చెప్పాను. పాపం అన్నాడు. తప్పకుండా వస్తానన్నాడు. దారిలో ఉన్నానన్నాడు. రోజూ చేశాను. పక్క ఊళ్లో స్తంభం పడిందనేవాడు, బండి పంచరయిందనేవాడు. అబద్ధమని నేననను. ఒక్కడు ఎన్ని ఊళ్లకని తిరుగుతాడు. కానీ అక్కడ ఆ గొట్టం సన్నబడిపోతోంది. చెల్లి చీకటి గదిలో కూర్చుని చేతులు ఆడిస్తుంటే, అవతల సొట్టబుగ్గ ఫోనుని ముక్కుకి ఆనించుకుని వెతుక్కునేది. మాకు తెర మీద ఆమె నుదురు ఒక్కటే కనబడేది.

చివరికి మరిది లేచాడు. గోడ మీద మేకుకి మిగిలిన వైరు చుట్ట చుట్టి ఉంది, లైను వేసినప్పుడు వదిలిపెట్టింది. "ఇంత వైరు ఇక్కడ పెట్టుకుని వాడి కోసం ఎందుకు చూడటం వదినా?" అన్నాడు. చుట్ట విప్పాడు. తలుపు చట్రాల మీదుగా, మేకుల మీద ఊరికే తగిలించుకుంటూ వెనక గదిలోకి లాక్కొచ్చాడు. డబ్బాని మిషను పక్కన అరుగు మీద పెట్టి దీపం చూశాడు. మూడూ పచ్చగా వెలిగాయి. అతని మొహం కూడా వెలిగింది.

ఆ సాయంత్రం ఒక్కటీ నాకు బాగా గుర్తుంది. చెల్లి కుట్టగా మిగిలిన నల్ల గుడ్డ వెనక గోడకి కట్టింది. పొడుగు చేతుల నల్ల జాకెట్టు తొడుక్కుంది. కిటికీలోంచి ఎండ సూటిగా పడింది. బొమ్మ ఎక్కడా ఆగలేదు. అద్దంలో చూసుకున్నట్టు ఉంది. అంతకాలం తర్వాత వాళ్లు నెమ్మది చేయకుండా మాట్లాడుకోవడం చూశాను. ఆ చేతుల వేగం చూస్తే నాకు కళ్లు తిరిగాయి. ఇద్దరికిద్దరూ ఒకేసారి మాట్లాడేస్తారు, మనలాగే, ఒకరి మాటకి ఒకరు అడ్డం పడిపోతారు. చెల్లి నవ్వింది. దాని నవ్వుకి చప్పుడు కొంచెం ఉంటుంది, గురక లాగా, అది దానికి తెలీదు.

సొట్టబుగ్గ మా అందర్నీ ఒక్కొక్కరిగా వచ్చి కిటికీ వెలుగులో నిలబడమంది. నిలబడ్డాం. అత్తయ్య జుట్టు సర్దుకుని మరీ నిలబడింది. ఆ తర్వాత చెల్లిని ఇక మాట్లాడొద్దు, ఊరికే కూర్చో, చూస్తాను అందట. అలా కూర్చుంది, చేతులు ఒళ్లో పెట్టుకుని. ఎండ దిగిపోయే ముందు సొట్టబుగ్గ ఒక మాట అడిగిందట. నాకు పూర్తిగా కనబడకుండా పోయాక మనం ఎలా మాట్లాడుకోవాలి అని. చెల్లి, రేపు ఆలోచిద్దాం అందట. సంతోషం మీద ఉంది, ఆ మాట అప్పుడు ఎత్తడం ఇష్టం లేకపోయింది.

మర్నాడు పొద్దున్న మరిది పనికి వెళ్లబోతూ వైరు చూసుకున్నాడు. తలుపు దగ్గర వేలాడుతోంది. పిల్లలు పరిగెత్తేటప్పుడు కాలికి తగులుతుందేమో, అత్తయ్య చీపురు తగిలి లాగేస్తుందేమో అని భయపడ్డాడు. మళ్లీ ఎప్పటికీ తెగకుండా చెయ్యాలనుకున్నాడు. దాన్ని లాగి, తలుపు చట్రం మేకుకి రెండు చుట్లు తిప్పి, అతనికి తెలిసిన ముళ్లల్లోకెల్లా గట్టి ముడి వేశాడు. మోకాలు గోడకి ఆనించి మరీ బిగించాడు. బాగుందని చేత్తో తట్టి వెళ్లిపోయాడు.

సాయంత్రం చెల్లి నల్ల జాకెట్టు తొడుక్కుని వచ్చి కూర్చుంది. ఎర్ర దీపం వెలుగుతోంది.

ప్లగ్గు తీసి పెట్టాం. పెట్టి తీశాం. డబ్బా వెనక ఉన్న చిన్న కన్నంలో చెవి కమ్మ పుల్ల దూర్చి నొక్కాం, అలా చేస్తే కొన్నిసార్లు బాగయ్యేది. ఎర్రగానే ఉంది. లైను అబ్బాయి ఈసారి నిజంగానే వచ్చాడు, అదేం విచిత్రమో. వైరు వెంట చూసుకుంటూ వచ్చి తలుపు దగ్గర ఆగిపోయాడు.

"ఇది ఎవరు కట్టారక్కా?"

"నేనే," అన్నాడు మరిది. "ఏం, ఊడిందా?"

"ఊడలేదన్నా. బాగా కట్టావు. లోపల విరిగింది."

"విరగడమేంటి? పైన గీత కూడా పడలేదు, చూడు."

"పైన కాదు. ఇందులో ఉన్నది రాగి కాదన్నా, అద్దం. వెంట్రుకంత సన్నటి అద్దం. దాంట్లోంచి వెలుగు వస్తుంది. ఒంచి బిగిస్తే విరుగుతుంది. దీన్ని ముడెయ్యకూడదు."

"మరి ఎవరూ చెప్పలేదే."

"ముడేస్తారని మేం మాత్రం అనుకున్నామా అన్నా."

అతను వెటకారంగా అనలేదు. మామూలుగానే అన్నాడు. మరిది ఆ ముడి దగ్గర నిలబడి విప్పడానికి చూశాడు. గోళ్లతో చూశాడు, పంటితో చూశాడు. అతను వేసిన ముడి అతనికే లొంగలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని వినడమే గానీ మా ఇంట్లోనే చూస్తాననుకోలేదు. చెల్లి మిషను దగ్గర కూర్చుని మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఎవరో ఒకరు చెప్పాలి కదా. మరిది ఆమె ముందు వంగి కూర్చుని, కిటికీ అద్దం మీద వేలు పెట్టి చూపించాడు, వైరు చూపించాడు, రెండు చేతులతో పుల్ల విరిచినట్టు చేశాడు. తన రొమ్ము మీద వేలు పెట్టుకున్నాడు. ఆమె చూసింది. తర్వాత కిటికీ వైపు తిరిగింది.

విరిగిన చోట కోసి అతికించాలంటే ఒక మిషను కావాలట. ఆ మిషను టౌనులో ఆఫీసులో ఒక్కటే ఉందట, అందరికీ అదే. వరస ప్రకారం ఇస్తారట. మా వరస వచ్చేలోగా రోడ్డు వెడల్పు చేసేవాళ్లు తవ్వి తవ్వి పెద్ద లైనే తెంపేశారు. ఇక చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఎర్ర దీపమే. ఆఫీసుకి నేనే ఫోను చేస్తే ఒకామె తియ్యగా మాట్లాడి, మీ ఫిర్యాదు తీసుకున్నాం అంది. తీసుకుని ఏం చేసిందో తెలీదు.

చెల్లి ఊరికే కూర్చోలేదు. కాలవ గట్టు మీద నిలబడితే ఫోనుకి రెండు గీతలు వస్తాయని ఎవరో చెప్తే సాయంత్రాలు అక్కడికి నడిచేది. నేనూ వెంట వెళ్లేదాన్ని. ఒక చేత్తో ఫోను ఎత్తి పట్టుకోవాలి, ఇక మిగిలింది ఒక చెయ్యి. ఒంటిచేత్తో మాట్లాడటమంటే సగం నోటితో మాట్లాడటమే. నేను పట్టుకుంటానని ఫోను తీసుకునేదాన్ని, అయినా అది నిలకడగా ఉండేది కాదు. బొమ్మ గళ్లు గళ్లుగా వచ్చేది. మంచి కళ్లున్న మనకే గళ్లు తప్ప ఏమీ కనబడవు, గొట్టంలోంచి చూసే మనిషికి ఏం కనబడుతుంది. సొట్టబుగ్గ చెయ్యి ఒకే సైగ చేసేది మళ్లీ మళ్లీ. ఏమంటోందని అడిగాను. మళ్లీ చెప్పు అంటోంది అంది చెల్లి. మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు.

కొన్నాళ్లకి గట్టు మీద చేసినా అటు నుంచి ఎత్తడం మానేశారు.

రోడ్డు పని ముగిశాక లైను అబ్బాయి ఆ మిషను చంకలో పెట్టుకుని వచ్చాడు. చిన్న పెట్టె. ముడి ఉన్న ముక్క కోసేసి, రెండు కొసలూ దాంట్లో పెట్టి, మూత వేసి ఏదో నొక్కాడు. మనం సూదిలో దారం ఎక్కించేంత సేపు పట్టింది. మూడు దీపాలూ పచ్చగా వెలిగాయి. కోసిన ముడి మేకుకే ఉండిపోయింది, ఎవరూ తియ్యలేదు.

చెల్లి జాకెట్టు మార్చుకుంది. నల్ల గుడ్డ దులిపి మళ్లీ కట్టింది. ఎండ ఇంకా ఉంది. ఫోను చేసింది.

ఈసారి ఎత్తింది సొట్టబుగ్గ భర్త. అతనికి చెవులు వినబడతాయి. ఫోను తిప్పి ఆమె వైపు పెట్టాడు. బొమ్మ ఎంత శుభ్రంగా ఉందో చెప్పలేను, ఆమె చొక్కా గుండీకి వేలాడే దారం కూడా కనబడింది. ఆమె చూపు మాత్రం ఫోను మీద లేదు. పక్కకి, గోడ మీద ఎక్కడో ఉంది. చెల్లి చేతులు ఎత్తి ఆడించింది. అటు నుంచి ఏమీ లేదు. ఇంకా దగ్గరికి జరిగి ఆడించింది.

"ఎవరైనా వింటున్నారా?" అని ఫోనులో మగ గొంతు.

"వింటున్నాను బాబూ, నేను తన తోడికోడల్ని."

"ఆమెకి చేతులు కనబడటం లేదక్కా. ఈమధ్యే పూర్తిగా పోయింది. కిటికీ ఎటుందో తెలుస్తుంది, అంతే."

చెల్లి నా మొహం చూస్తోంది. ఏమన్నాడు అని గడ్డం ఎగరేసింది. ఈ మాటకి నాకు సైగ రాదు. వచ్చింది ఒక్కటే, తను చూపించిందే. పిడికిలి గొట్టంలా చేసి కంటికి పెట్టుకున్నాను. మూశాను.

అంతలో సొట్టబుగ్గే చేతులెత్తింది. అవి మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి, చక్కగా, వేగంగా. ఏమంటోందని అడిగాను. "ఉన్నావా" అంటోంది, అంతే, మళ్లీ మళ్లీ అదే. చెల్లి చేతులు గాల్లోకి లేచి, ఎటు పోవాలో తెలియక అక్కడే ఆగిపోయాయి. లైను పోయినప్పుడు బొమ్మ ఆగిపోతుంది చూడండి, అచ్చం అలా.

"బాబూ, ఆమె భుజం మీద తట్టు," అన్నాను. "ఉంది, చూస్తోంది అని చెప్పు."

అతను తట్టాడు. సొట్టబుగ్గ మొహం విప్పారింది. ఇక మాట్లాడటం మొదలుపెట్టింది.

ఇప్పటికీ రోజూ మాట్లాడుతుంది. సాయంత్రం కాగానే ఫోను వస్తుంది. ఆమె అక్కడి సంగతులన్నీ చెప్తుంది, చెల్లి చూస్తుంది. బదులు చెప్పాలంటే దారి ఒకటే. చెల్లి తల ఊపితే నేను ఫోనులో చెప్పాలి, అతను భుజం మీద ఒకసారి తట్టాలి, అవునని. కాదంటే రెండుసార్లు. అతనికి మాత్రం వేరే పనుల్లేవా, ఒక్కోరోజు ఫోను నిలబెట్టి వెళ్లిపోతాడు. అప్పుడు సొట్టబుగ్గ ఇటు చూస్తున్నారో లేదో తెలియకుండానే చెప్పుకుంటూ పోతుంది. బళ్లో చీకట్లో చేతిలో చెయ్యి పెట్టి చెప్పుకున్నట్టు చెప్పుకోవచ్చు, అది వాళ్లకి బాగా వచ్చు. కానీ వైరులోంచి బొమ్మ వస్తుంది, చెయ్యి రాదు.

మరిది మనిషి తగ్గిపోయాడు. పనికి వెళ్తున్నాడు, కడుతున్నాడు, వస్తున్నాడు. మొన్న దొడ్లో నా దగ్గర నిలబడి, "సీజను లోడ్లు అయిపోగానే రైలెక్కించి అక్కడికి తీసుకెళ్తాను వదినా. ఆమెకి చెప్పు," అన్నాడు.

"నీ పెళ్లాం. నువ్వే చెప్పు," అన్నాను.

"నా వైపు చూడటం లేదు కదా."

నిజమే. మనకి కోపమొస్తే అరుస్తాం, లేదంటే మూతి ముడుచుకుంటాం. ఆమె చూడదు. చూడకపోతే ఎదుటి మనిషి నోట మాట లేనివాడైపోతాడు. రెండు పిడికిళ్లు కలిపి లాగే ఆ పేరు కూడా ఇప్పుడు వాడటం లేదు. అతని గురించి చెప్పాల్సి వస్తే వీధిలో పోయేవాణ్ని చూపించినట్టు వేలుతో చూపిస్తుంది. ప్రయాణం సంగతి నేనే చెప్పాను. తల ఊపింది. వెళ్తే ఒక రోజు ఉంటారు, మహా అయితే రెండు రోజులు. అవతల వాళ్లది ఒకటే గది. తర్వాత మళ్లీ రైలెక్కాలి కదా.

లైను మాత్రం ఇప్పుడు పోవడం లేదు. రోడ్డు పక్కన గొట్టంలో పెట్టి పూడ్చారు, ట్రాక్టరుకీ అందదు, ఉడతకీ అందదు. మొన్న లైను అబ్బాయి బజారులో కనబడి బండి ఆపి మరీ అడిగాడు, బాగా వస్తోందా అక్కా అని. బాగానే వస్తోంది నాయనా అన్నాను. ఏమనాలి మరి.

నిన్న సాయంత్రం సొట్టబుగ్గ ఏదో పెద్ద ప్రశ్న అడిగింది. అడిగి, చేతులు ఒళ్లో పెట్టుకుని, గోడ వైపు చూస్తూ కూర్చుంది. అవును కాదు అని తట్టేస్తే సరిపోయే ప్రశ్న కాదది. చెల్లి తెర వైపే చూసింది. తర్వాత కుర్చీ నా వైపు తిప్పుకుని, ఆ జవాబు నాకు చెప్పడం మొదలుపెట్టింది. లైను మొరాయించిన రోజుల్లో చెప్పినట్టే, నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి, రెండేసి సార్లు. నాకు ఇల్లు అర్థమైంది, వాన అర్థమైంది, ఎవరో ఏడవడమో నవ్వడమో అర్థమైంది. మిగతాది ఏమిటో తెలీలేదు. తెలిసినట్టు తల ఊపాను. ఊపుతున్నానని ఆమెకి తెలుసు. అయినా చివరిదాకా చెప్పింది.